సుద్దగీత

బడి తెరిచే ముందు వారం
కాశీనగర్ బజారులో నాకు ఊపిరాడదు.
నలభై నిక్కర్లు, ముప్ఫై గౌన్లు,
మూతపడని బొత్తాల సొరుగు,
నెత్తిన ఫ్యాను, దానికి కరెంటు లేదు.

కొలతలిచ్చిన పిల్లలు గడప దాటరు.
"పిన్నీ, ఆట పెట్టవా?"
సరే. బల్ల మీద ఖాకీ గుడ్డ పరిచి
సుద్దతో వంకర దారి గీశాను.
అదుగో కొండ, ఇదుగో వంశధార,
నడుమ రాగిచేను.
చేను చుట్టూ మూడు రీళ్ళు నిలబెట్టాను, మూడు మంచెలు.
ఎర్ర రీలు మీద డప్పు,
పచ్చ రీలు మీద కాగడా,
తెల్ల రీలు మీద వడిసెల.
"ఎవరు ఎవరో చెప్పండి."

ఢిల్లేశు డప్పు. నే అడక్కముందే బల్ల మీద దరువేశాడు.
లిపిక కాగడా. ఒడియాలో ఏదో శపథం చేసింది,
సగం అర్థమైంది, సగం అక్కర్లేకపోయింది.
కూర్మికి వడిసెల కావాలి,
రాయి మాత్రం ఎవరికీ తగలకూడదట.
ఎలియాజరు చాలాసేపు ఆలోచించి
"నాను చేను కాపు. ఎక్కుతాను, దిగుతాను" అన్నాడు.

మొదటి దండు చిలకలు, చొక్కా బొత్తాలు పదహారు.
పాచిక నాలుగు పడింది, డప్పు మోగింది,
చిలకలు డబ్బాలోకి ఎగిరిపోయాయి.

రెండో దండు పందులు, నిక్కరు హుక్కులు.
కాగడాకి ఒకటి పడింది, మళ్ళీ ఒకటి పడింది.
ఓ మూల రాగి పోయింది.
పోయిన మేర కొట్టేయబోతే
కూర్మి నా చెయ్యి పట్టుకుంది,
"కాసింత ఉంచు పిన్నీ, ఇత్తనాలకి."

మూడో దండుకి
పాత కోటుది నల్ల బొత్తం పెట్టాను, నాలుగు కన్నులది.
దాని వెనకే పసిపిల్ల జుబ్బాది, తెల్లది, బియ్యపుగింజంత.
ఇవేమిటో నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.
ఎలియాజరు ఇంట్లో ఆ పేరెత్తరు,
మొన్న కార్తీకంలో గోడ కూలినప్పటి నుంచి.

డప్పుకి ఐదు. కాగడాకి ఆరు, ఎట్టకేలకు.
పెద్దది ఆగింది.
చిన్నదానికి ఆగడం తెలీదు.
నియమం ప్రకారం ముందుకే జరపాలి. జరిపాను.

ఎలియాజరు మంచె దిగాడు.
"పిన్నీ, ఈ దారి ఎవులు గీసినారు?"
"నేనే."
"ఆటిని అడిగినావా?"

ఇరవై రెండేళ్ళుగా కత్తెర పడుతున్నాను.
గీత మీదే కోయాలి, గీత తప్పితే గుడ్డ దండగ,
ఇంతకు మించి నాకేం తెలుసు?
వాడు వేలు తడిచేసుకుని నా గీత తుడిచాడు.
చేను పక్కనుంచి ఏటికి ఇంకోటి గీశాడు
సన్నగా, వణుకుతూ.
"ఆటంటే అలగుండదురా!" ఢిల్లేశు అరిచాడు.
లిపిక ఏమీ అనలేదు,
పచ్చ రీలు ఎత్తి అడ్డం తీసింది.

"పాచిక వెయ్యి" అన్నాను.
"నాలుగు దాటితే నీ మాట వింటాయి."

వేశాడు. పాచిక బల్ల అంచు దాటి
మిషను కిందికి దొర్లింది.
నలుగురూ పొట్టల మీద పడి వెతికారు.
విరిగిన సూది దొరికింది, ఓ రూపాయి బిళ్ళ,
నిరుడు నేను తిట్టుకుంటూ వెతికిన అంగుస్తానా.
పాచిక దొరకలేదు.
ఈలోగా కరెంటొచ్చి, ఫ్యాను తిరిగి,
గుడ్డ కొస లేచి, బొత్తాలు రెండూ జారిపోయాయి.
"ఏటికెల్లిపోనాయి" అంది కూర్మి.
"కింద పడ్డాయే" అన్నాడు ఢిల్లేశు.

రాత్రికి ఆ గుడ్డే కోశాను. గడువు రేపే మరి.
సుద్ద దులిపాను, దులిపినంత పోయింది.

సోమవారం ఎలియాజరు నిక్కరు తొడుక్కుని చూసుకున్నాడు.
ఎడమ మోకాలి పైన, వంకరగా, తెల్లగా.
"ఉతికితే పోతుందిలే" అన్నాను.
"ఉతకనీను" అన్నాడు.

డబ్బులు కోతలయ్యాక ఇస్తానన్నాడు వాళ్ళ నాన్న.
పుస్తకంలో రాసుకున్నాను.